తోట బెట్టలో, మామ బోటులో

చీనీ చెట్టు బాగా పూయాలంటే ముందు దాన్ని భయపెట్టాలి. ఈ మాట నాది కాదు, మా మామది. రెండు నెలలు నీళ్లు ఆపేస్తే చెట్టుకు తన పని అయిపోయిందన్న అనుమానం వస్తుందట. ఆకులు ముడుచుకుంటాయి, కొన్ని రాలిపోతాయి. సరిగ్గా అప్పుడు నీళ్లు వదిలితే, బతికిపోయానన్న సంబరంలో కొమ్మకొమ్మకూ పూస్తుందట. దీన్ని మా వైపు తోటను బెట్టకు వదలడం అంటారు. సింహాద్రిపురం దగ్గరి పల్లెలో నాలుగు వందల చీనీ చెట్లతో, అంటే బత్తాయి చెట్లతో, మామ ఏటా ఈ నాటకం ఆడతాడు. చెట్లు ఏటా నమ్ముతాయి. నేనైతే రెండో ఏడాదికే కనిపెట్టి ఉండేవాణ్ణి.

ఆ ఏడాది నాటకం రెండు వారాలు ఎక్కువ నడిచింది. నేను ఫోన్ చేసినప్పుడల్లా మామ “ఇంకా నాలుగు దినాలు ఎండనీ అల్లుడా, పూత చూడల్ల నువ్వు” అనేవాడు. నేను సరే అనేవాణ్ణి. నాలుగు దినాలు అయ్యాక ఇంకో నాలుగు దినాలు అనేవాడు. నేను మళ్లీ సరే అనేవాణ్ణి. వ్యవసాయంలో నా పాత్ర అంతవరకే. నేనుండేది ప్రొద్దుటూరులో, పనిచేసేది జమ్మలమడుగులో ఒక మోటారు సైకిళ్ల షోరూంలో. వచ్చినవాళ్లు బండి కొనేదాకా, లేదా పారిపోయేదాకా మాట్లాడటం నా ఉద్యోగం.

ఒక గురువారం పొద్దున అత్త ఫోన్ చేసింది.

“అల్లుడా, ఆదివారం కారేసుకోని రా. మీ అమ్మను గూడా పిల్చుకరా. డ్యామ్‌కు పోతాండాం.”

“ఎవరెవరు అత్తా?”

“అందరం. మీ మామ గూడా.”

“మామకు చెప్పినావా?”

“చెప్పినా. సరే అన్నాడు.”

నాకు భయమేసింది. మామ షికారుకు సరే అనడమంటే మామూలు విషయం కాదు. తన పెళ్లిలో తలంబ్రాలకూ భోజనాలకూ మధ్య దొరికిన ఖాళీలో తోటకు పోయి మోటారు ఆపి వచ్చిన మనిషి. మా అక్క పెళ్లి ఫోటోల్లో యాడా కనపడడు. కనపడిన ఒక్క ఫోటోలోనూ ఆకాశం వైపు చూస్తుంటాడు, మబ్బు పట్టిందా అని. అలాంటి మనిషి ఒక పూటంతా తోట వదిలిపెట్టి నీళ్లు చూడ్డానికి వస్తానన్నాడంటే, ఆరోగ్యం ఏమైనా దెబ్బతిన్నదేమో అనుకున్నాను.

“జమ్మలమడుగు పక్కన మైలవరం డ్యామ్‌కు పోదామత్తా, దగ్గర” అన్నాను. దగ్గరంటే నాకు దగ్గర.

“ల్యా. పార్నపల్లె డ్యామ్‌కే పోదామంటాండాడు మీ మామ. ఆడైతేనే వస్తాడంట.”

డ్యాముల్లో మామకు ఇష్టాయిష్టాలు ఉన్నాయని నాకు ఆరోజే తెలిసింది.

ఆదివారం పొద్దున్నే అమ్మను ఎక్కించుకుని ముద్దనూరు మీదుగా పల్లె చేరేసరికి ఎనిమిది కాలేదు. మామ అప్పటికే తెల్ల చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు, ఎవరో బలవంతంగా పెళ్లికొడుకును చేసినట్టు. అవ్వ, అంటే మామకూ అమ్మకూ తల్లి, అప్పటికే చెప్పులేసుకుని వాకిట్లో నిలబడింది. అత్త నాటుకోడి పులుసు చేసి, సంగటి ముద్దలు తడిబట్టలో చుట్టి, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి డబ్బాలో పెట్టి, తీపికని ఓళిగలు మూట కట్టి, తాళం కప్ప చేత్తో పట్టుకుని తొందర పెడుతోంది.

“బిరీన ఎక్కండి, పొద్దు పోతాంది.”

“ఎనిమిది గూడా కాల్యా అత్తా.”

“అందుకే చెప్తాండా.”

మామ లేచి, “రోంతసేపు తోటకాడికి పోయొస్తా” అన్నాడు.

“నిన్న మాపట్యాల పోయింటివి గదా. చెట్లు యాడికన్నా పోయినాయా?” అంది అత్త. ఆయన్ను భుజం పట్టి కారులోకి నెట్టింది. నెట్టడమంటే అక్షరాలా నెట్టింది. ఆవిడకు షికారు మీద అంత మోజు ఉందని నాకు తెలియదు.

ఊరు దాటే దారి తోట పక్కనుంచే పోతుంది. అక్కడ పెద్దమామ రోడ్డుకు దగ్గరగా తన చేలో నిలబడి ఉన్నాడు. పెద్దమామ అంటే మామకు పెదనాయన కొడుకు, వరసకు అన్న. రెండు తోటలకూ మధ్య ఒకటే గట్టు. ఆ గట్టు ఎవరి వైపు ఎంత అన్నదాని మీద ఇద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవు. సర్వేయరు మూడుసార్లు వచ్చి కొలిచాడు. మూడుసార్లూ బెత్తెడు తేడాతో మూడు కొలతలు వచ్చాయి. నాలుగోసారి పిలిస్తే ఆయన రాలేదు. పెద్దమామ బోరులో నీళ్లు బాగా పడతాయి. ఆ బోరు తన భూమి కిందికి వచ్చి తన నీళ్లు తాగుతోందని మామ నమ్మకం. దానికి సర్వేయరు లేడు కాబట్టి అది తేలలేదు.

కారు పెద్దమామను దాటేటప్పుడు మామ మెడ అటువైపు నుంచి ఇటువైపుకు తిరిగింది. ఇటువైపు చూడ్డానికి ఒక కంప చెట్టు తప్ప ఏమీ లేదు. దాన్నే చూశాడు.

పులివెందుల దాటాక ఆయన కాలువ కనపడిన ప్రతి బ్రిడ్జి దగ్గరా “రోంత నిలబెట్టప్పా” అన్నాడు. దిగి, కాలువ గట్టు మీదికి పోయి, ఒక నిమిషం నిలబడి వచ్చేవాడు. నాలుగో బ్రిడ్జి దగ్గర నేను ఉండబట్టలేకపోయాను.

“మామా, ఒకసారి షుగర్ టెస్టు చేయించుకో.”

వెనక సీట్లో అమ్మ నవ్వింది. మామ నవ్వలేదు. “కాలువలో నీళ్లు ల్యావు” అన్నాడు. అది నా ప్రశ్నకు జవాబు కాదు, కానీ ఆయన మనసులో ఉన్న ప్రశ్నకు జవాబు.

డ్యామ్ దగ్గర ఆదివారం జనం బాగానే ఉన్నారు. కట్ట మీద ఫోటోలు దిగేవాళ్లు, చేపలు వేయించే బండ్లు, ఐసు పుల్లలు, నీళ్లలో కాళ్లు పెట్టి కేకలు పెట్టే కాలేజీ పిల్లలు. చుట్టూ గుండ్రాళ్ల కొండలు, మధ్యలో నీళ్లు. మా వైపు వాళ్లకు నీళ్లంటే బిందెలో, బానలో, పైపు చివర చూసేవి. అలా ఒక చూపుకు పట్టనన్ని ఒకచోట కనపడితే కాసేపు ఎవరికీ మాట రాదు. ముందుగా తేరుకుంది అవ్వ.

“ఇన్ని నీళ్లు ఒకతావన పెట్టుకోని ఏం చేస్తాండార్రా?”

“చూస్తాండారవ్వా” అన్నాను.

“చూసేదానికా?” అంది అవ్వ. చెట్టు నీడ చూసుకుని కూర్చుని, నీళ్లకు వీపు తిప్పింది. బోటు ఎక్కేది లేదని అప్పుడే తేల్చేసింది. అమ్మ ఆమెకూ కోడి పులుసుకూ కాపలా ఉంటానంది, కుక్కలు తిరుగుతున్నాయని. నేనూ అత్తా బోటు టిక్కెట్లు తీసుకున్నాం. తీసుకుని చూస్తే మామ లేడు.

వెతుక్కుంటూ పోతే కట్ట చివర, మామ ఊరి వైపు పోయే కాలువ తలుపుల దగ్గర దొరికాడు. అక్కడ ఒక లస్కరు, అంటే తలుపులు ఎత్తి దించే పని చూసే మనిషి, నీడలో కూర్చుని బీడీ తాగుతున్నాడు. మామ ఆయన ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. మా మామ ఎవరి ముందూ అలా కూర్చోవడం నేను చూడలేదు.

“కాలువకు ఎప్పుడు వదుల్తారప్పా?”

“ఆర్డరు రావల్ల.”

“ఎప్పుడొస్తాది?”

“వచ్చినప్పుడు.”

“అట్లకాదప్పా, సుమారుగా.”

లస్కరు బీడీ నేలకేసి నలిపాడు. “సుమారుగా పదైదు దినాలు. మీది యా ఊరు?” మామ చెప్పాడు. “కాలువ కొస భూములు గదా. ఈడ వదిలినాంక ఇంకో వారం పట్టొచ్చు ఆడికి చేరేసరికి. రోంత ఓపిక పట్టండి మామా.”

మామ లేచాడు. నేను ఎదురుపడేసరికి దొంగతనం చేస్తూ దొరికినవాడిలా చూశాడు. నేను ఏదో అనబోయి ఆయన ముఖం చూసి ఆగాను. పక్కన రాతిమెట్టు మీద కూర్చుని, నీళ్ల వైపు చూస్తూ, నాతో కాదన్నట్టు చెప్పుకొచ్చాడు.

“బోరు పోయింది అల్లుడా. పదిదినాలాయ. నీళ్లు పెడదామని మోటారేస్తే పది నిమిషాలు బురద వచ్చె, ఆ తర్వాత గాలి. రోజూ ఏస్తాండా, రోజూ గాలే.”

“మరి ఇంకా నాలుగు దినాలు ఎండనీ అంటివి గదా ఫోన్‌లో?”

“ఏమని చెప్పల్ల మరి?”

పూత ఎక్కువ రావాలని రెండు వారాలు ఎక్కువ ఎండబెట్టాడు. ఆ రెండు వారాల్లోనే బోరు అడుగంటింది. వేళకు నీళ్లు పెట్టి ఉంటే ఒక తడికి సరిపడా వచ్చేవేమో.

“ఎన్ని దినాలు ఓర్చుకుంటాయి చెట్లు?”

“మూడు. శానా అయితే నాలుగు. మిట్ట పక్క అప్పుడే రెమ్మలు ఎండతాండాయి. రెమ్మ పోతే మళ్లా వస్తాది. కొమ్మ పోతే చెట్టు పోయినట్టే.” గులకరాయొకటి నీళ్లలోకి విసిరాడు. “పన్నెండేండ్ల చెట్లు.”

పన్నెండేళ్ల చెట్టు పోతే మళ్లీ పన్నెండేళ్లకు వస్తుంది. మామకు యాభై ఆరు. ఆ లెక్క ఇద్దరం మనసులోనే వేసుకున్నాం.

“అత్తకు తెలుసా?”

“తెల్దు. చెప్పినావంటే తోలు తీస్తా.”

“ట్యాంకర్లు?”

“అందరి బోర్లూ అట్లే ఉండాయి. ట్యాంకరుకు నీళ్లు యాడుండాయి?”

అప్పుడు నాకు తట్టింది చెప్పాను. “పెద్దమామ బోరు ఆడతాంది గదా. గట్టు మీదుగా ఒక పైపు ఏస్తే...”

గుడి హుండీ పగలగొడదాం రా అన్నట్టు చూశాడు నన్ను. “వాని నీళ్లతో బతికేదానికంటే నా చెట్లు ఎండేదే మేలు.”

“చెట్లను అడిగినావా మామా?”

నేను మామూలుగా ఇలాంటివి అనేశాక ఎవరో ఒకరు నవ్వుతారు. లేదా కొడతారు. మామ రెండూ చేయలేదు. కట్టకు తగులుతున్న నీళ్లను చూస్తూ ఉండిపోయాడు. ఇంతలో కింది నుంచి అత్త కేక వినపడింది. “యాడుండారు ఇద్దరూ? బోటు పోతాది!”

బోటు ఎక్కే ముందు నారింజ రంగు జాకెట్లు తొడిగారు. మామకు పొట్ట దగ్గర బకిల్ పడలేదు. “అంత రంగు నీ తోటలో ఏ కాయకూ రాల్యా మామా” అన్నాను, గాలి తేలిక పడుతుందేమోనని. పడలేదు. బోటులో మేం ముగ్గురం, నడిపే అతను. జనమంతా చేపల బండ్ల దగ్గరున్న వేళ కాబట్టి ఇంకెవరూ ఎక్కలేదు. మామ అంచున కూర్చున్నాడు. బోటు కదిలిన కాసేపటికి చెయ్యి నీళ్లలో పెట్టాడు. వేళ్ల మధ్యనుంచి నీళ్లు చీలిపోతుంటే చూస్తున్నాడు. ఒకసారి దోసిట పట్టి తీసి, దాన్నీ చూశాడు. తాగలేదు, పారబోయలేదు. కారిపోయేదాకా పట్టుకున్నాడు.

“ఈడ ఎంత లోతుంటాదప్పా?” అని అడిగాడు.

“శానా” అన్నాడు బోటతను.

మా జిల్లాలో ప్రభుత్వానికి సంబంధించిన కొలతలన్నీ ఇలాగే ఉంటాయి.

అత్త ఆయన చేతినే చూస్తోంది. బోటు చెరువంత దూరం పోయింది. కట్ట మీద మనుషులు చీమలంత అయ్యారు. అప్పుడు అత్త ఫోన్ మోగింది.

“ఆ, అక్కా... ఆ... ఎన్ని వరుసలైనాయి?... సరే సరే. కరెంటు ఉండాది గదా?... సరే.” పెట్టేసింది.

“ఎవరు?” అన్నాడు మామ.

అత్త బోటతని వైపు తిరిగింది. “అప్పా, ఈడ రోంతసేపు నిలబెట్టు.” అతను ఇంజను ఆపాడు. నీళ్ల మధ్య ఒక్కసారి నిశ్శబ్దం అయింది. అత్త చీర కొంగు నడుముకు దోపుకుంది.

“తోటకు నీళ్లు పారతాండాయి.”

మామ ఆమె వైపు తిరిగాడు. “కాలువ రాల్యా గదా. ఇప్పుడే లస్కరును అడిగొచ్చినా.”

“కాలువ కాదు. బావోళ్ల బోరు. పొద్దన్నే మనం ఊరు దాటినాంక పైపులేసినారు. ఫోన్ చేసింది అక్కే.”

బావ అంటే పెద్దమామ. అక్క అంటే ఆయన భార్య. మామ లేచి నిలబడ్డాడు. బోటు ఒక పక్కకు ఒరిగింది.

“కూర్చో పెద్దాయనా! మునుగుతాం!” అని అరిచాడు బోటతను.

మామ కూర్చున్నాడు. మళ్లీ కోపం వచ్చి లేచాడు. బోటు మళ్లీ ఒరిగింది. మళ్లీ కూర్చున్నాడు. కోపం తెచ్చుకోవడానికి కాళ్ల కింద నేల ఉండాలి. విసురుగా పోవడానికి ఒక వాకిలి, వేయడానికి ఒక తలుపు ఉండాలి. బోటులో అవేవీ లేవు. అత్త ఆ మాట చెప్పడానికి చుట్టూ నీళ్లున్న చోటును ఎందుకు ఎంచుకుందో నాకు అప్పుడు అర్థమైంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన సగంలో లేచిపోకుండా పూర్తిగా విన్న మొదటి మాట అదే అయి ఉంటుంది.

“తిప్పప్పా, గట్టుకు పోనీ” అన్నాడు మామ.

“తిప్పొద్దు. టిక్కెట్టు తీసుకున్న్యాం, రౌండు అయిపోల్యా” అంది అత్త.

బోటతను నా వైపు చూశాడు. నేను కొండల వైపు చూశాను.

“నాకు తెల్దనుకుంటివా?” అంది అత్త. గొంతు పెంచలేదు. “నీళ్లు లాగే మోటారు ఒకతీరు మొత్తుకుంటాది, గాలి లాగే మోటారు ఒకతీరు. వంటింట్లో ఉంటే వినపడదా నాకు? పదిదినాలు చూసినా, నాతో చెప్తావేమోనని. నువ్వు చెప్పల్యా. అన్నం ముందర కూర్చోని గెలికి లేస్తివి. ఆ మొక్కలు మోకాలెత్తు ఉన్నెప్పుడు బిందెల్తో మోసి పోసింది నేను. నీ కొట్లాట గట్టుతో. చెట్లేం చేసినాయి నీకు?”

“వాడెట్ల ఒప్పుకున్న్యాడు?” అన్నాడు మామ. అప్పటికి గొంతులో సగమే కోపం ఉంది.

“అడిగితే ఒప్పుకున్న్యాడు. ఒకటే మాట అన్నాడు. ‘వాడు ఆడ నిలబడి వద్దంటే నేను ఏయను. నీ మొగుణ్ణి ఒక పూట ఊర్లో లేకుండా చెయ్యి, మిగతాది నేను చూసుకుంటా’ అన్నాడు.”

మా జిల్లా గురించి సినిమాల్లో తెలుసుకున్న వాళ్లు ఈ మాట వింటే పరిగెత్తుతారు. ఇక్కడ జరిగింది మాత్రం కోడి పులుసు, బోటు షికారు.

బోటు తనంతట తాను మెల్లగా తిరుగుతోంది. మామ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని పాదాల దగ్గరి చెక్కను చూస్తున్నాడు. ఇటువంటి సమయంలో నోరు మూసుకుని ఉండటం నాకు అలవాటు లేదు. అయినా మూసుకున్నాను. ఆయన వద్దంటాడేమో, ఇప్పుడే ఫోన్ చేసి పైపు తీసేయమంటాడేమో అని నిజంగానే భయపడ్డాను. నాలుగు వందల చెట్లు ఆ ఒక్క మాట కోసం ఆగి ఉన్నాయి.

“ఎన్ని వరుసలైనాయంట?” అన్నాడు చివరికి.

అత్త ఊపిరి వదిలింది. నాకు వినపడింది. “మూడు.”

“మిట్ట పక్క ముందు పెట్టమను. ఆడ నేల గరుసు.”

అత్త ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. “అక్కా, మిట్ట పక్క ముందు పెట్టమంటాండాడు.”

అవతల నుంచి పెద్దమామ గొంతు, ఫోన్ అవసరం లేనంత గట్టిగా: “నాకు తెల్దా? మిట్ట పక్క నుంచే మొదలుపెట్టినా. చెప్పు వానికి, గమ్మున షికారు చేయమని!”

మామ ఫోన్ వైపు వంగాడు. “మొదటి తడి పల్చగా ఇయ్యమను. ఒకేసారి నిండుగా పెడితే ఉండే ఆకు గూడా రాలతాది.”

“అది గూడా తెలుసని చెప్పు!”

ఫోన్ ఆగిపోయింది. మామ పక్కకు వంగి, రెండు చేతులా నీళ్లు తీసుకుని ముఖం మీద కొట్టుకున్నాడు. ఇంకోసారి, ఇంకోసారి. కడుక్కోవడానికి అంతసేపు అక్కర్లేదు. నేను మళ్లీ కొండల వైపు చూశాను. ఆరోజు ఆ కొండలను నేను చూసినంత ఎవరూ చూసి ఉండరు.

“ఇంక పోనిద్దామా?” అన్నాడు బోటతను.

“పోనీ” అన్నాడు మామ. “ఆ పక్కకు గూడా ఒక చుట్టు తిప్పు. ఏముంది ఆడ?”

“ఏముంటాది, నీళ్లు.”

“చూద్దాం.”

గట్టుకు వచ్చాక మామ నాలుగు సంగటి ముద్దలు తిన్నాడు. పులుసు రెండుసార్లు పోయించుకున్నాడు. అవ్వ చూసి చూసి అంది. “అయితే చెప్పినావా పిల్లా?”

“చెప్పినా” అంది అత్త.

“నీకు గూడా తెలుసా?” అన్నాడు మామ తల్లితో.

“పైపులు మన పశువుల కొట్టంలో పెట్టించింది ఎవరనుకుంటివి? నేను చూపిస్తేనే పెట్టినారు.”

మామ అమ్మ వైపు తిరిగాడు. అమ్మ ఓళిగ తుంచుకుంటూ, “నాకు బేస్తవారమే తెలుసురా” అంది. అత్త నాకు ఫోన్ చేసిన గురువారమే అది. అంటే కుట్రలో అందరికీ భాగముంది, డ్రైవరుకు తప్ప. నేను అలిగాను. ఎవరూ పట్టించుకోకపోయేసరికి ఇంకో ఓళిగ తీసుకున్నాను.

సాయంత్రం తోట చేరేసరికి దూరం నుంచే తడిమట్టి వాసన వచ్చింది. ఎనిమిది వరుసలు తడిశాయి. మిగిలినవి ఇంకో రెండు రోజులు పడతాయి. ముడుచుకున్న ఆకులు ఒక్క పూటకే విచ్చుకోవు గానీ, చెట్ల కింద పాదుల్లో నేల నల్లగా ఉంది. మామ చెప్పులు విడిచి అందులోకి దిగాడు. పెద్దమామ గట్టు మీద పార పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆరేళ్ల తర్వాత ఇద్దరూ పది అడుగుల దూరంలో ఉన్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కన్నీళ్లకు సిద్ధమైంది.

పెద్దమామ మామతో కాకుండా దగ్గరున్న చెట్టుతో చెప్పాడు. “మూలనుండే నాలుగు చెట్లకు నీళ్లెక్కల్యా. గట్టు అడ్డముండాది.”

ఎవరూ కదల్లేదు. సర్వేయరు మూడుసార్లు గొలుసు పట్టి కొలిచిన గట్టు అది. మామ పోయి పెద్దమామ చేతిలోంచి పార తీసుకున్నాడు. గట్టును జానెడు తెగ్గొట్టాడు. నీళ్లు కాసేపు ఆలోచించి అటువైపు తిరిగాయి.

“రోంత ఎడంగా తవ్వు” అన్నాడు పెద్దమామ.

“నాకు తెలుసులే.”

“తెలిసింటే పన్నెండేండ్ల చెట్లను ఇట్ల చేస్తావా?”

“నీ మాదిరి బెట్ట రాకముందే నీళ్లిడిచి, చెట్టుకు మూడు కాయలు కోసుకోవల్లనా?”

“మూడా? పోయినేడు ఎన్ని లారీలు పోయినాయో చూసినావా?”

“చూసినాలే అన్నా, అన్నీ గోలికాయలే!”

“మాట్లాడుకుంటాండారు” అంది అమ్మ, ముక్కు తుడుచుకుంటూ.

“తిట్టుకుంటాండారమ్మా” అన్నాను.

“అన్నా అన్నాడు గదరా” అంది అమ్మ. అది నేనూ విన్నాను. అంతకన్నా మంచి మాట ఆ ఇద్దరి మధ్యా ఆ తర్వాత కూడా పుట్టలేదు.

మూడు వారాలకు నేను మళ్లీ పోయేసరికి తోట తెల్లగా ఉంది. మిట్ట మీద పద్నాలుగు చెట్లు పోయాయి, కొన్నిటికి ఒక పక్క కొమ్మలు ఎండాయి. మిగతావి మాత్రం, బతికిపోయామన్న సంగతి చాటుకోవడానికి రెమ్మరెమ్మకూ పూశాయి. తేనెటీగల మోత కారు ఆపకముందే వినపడింది. అత్త ఒక చెట్టు కింద కూర్చుని ఎండిన రెమ్మలు కట్ట కడుతోంది. మామ పూల గుత్తినొకదాన్ని కిందికి వంచి నాకు చూపించాడు. ముఖం వెలిగిపోతోంది.

“చూస్తివా అల్లుడా? ఇంకో నాలుగు దినాలు బెట్టలో పెట్టింటే ఇంకా పూసుండు.”

అత్త తల ఎత్తలేదు. కట్టకు ముడి బిగిస్తూ అడిగింది.

“అల్లుడా, మళ్లా షికారుకు పోదాం గానీ, గండికోట కాడ లోయ ఎంత లోతుంటాది?”